బైండింగ్స్ వాడాలా, కంట్రోలర్ కోడ్ మనమే రాసుకోవాలా?

కొత్తమ్యాక్: మ్యాక్ కోసం ఆబ్జెక్టివ్-సీలో పుస్తకాల జాబితా యాప్ రాస్తున్నాను. ఇంటర్‌ఫేస్ బిల్డర్‌లో (తెరలు గీసే ఆపిల్ సాధనం) ఒక అర్రే కంట్రోలర్ (జాబితాకీ తెరకీ మధ్యవర్తి) పెట్టి, టేబుల్‌ని దానికి బైండ్ చేశాను, అంటే కోడ్ రాయకుండానే ముడిపెట్టాను. ప్లస్ బటన్ నొక్కితే మోడల్‌లోని (యాప్ డేటా ఉండే చోటు) అర్రేకి కొత్త పుస్తకం చేరుతోంది, లాగ్‌లో కనిపిస్తోంది. టేబుల్ మాత్రం ఉలకదు, పలకదు. మా సీనియర్ ఒకాయన "బైండింగ్స్ తీసి పారేసి డేటా సోర్స్ రాసుకో" అంటున్నారు, అంటే టేబుల్‌కి వరుసలు అందించే కోడ్ మనమే రాయాలట. నిజంగా అంతేనా?

పాతకాపు: తొందరపడి పారేయకండి. కోకో (మ్యాక్ యాప్‌ల ఫ్రేమ్‌వర్క్) బైండింగ్స్ 2003లో మ్యాక్ ఓఎస్ టెన్ పాంథర్‌తో వచ్చాయి, అందులో మాయేమీ లేదు. కింద నడిచేది కేవీసీ (ప్రాపర్టీని పేరుతో అందుకునే పద్ధతి), కేవీఓ (ఆ విలువ మారితే కబురు చెప్పే పద్ధతి). విలువ మారిందని ఎవరో చెప్తేనే టేబుల్‌కి తెలుస్తుంది. మ్యూటబుల్ అర్రేకి నేరుగా యాడ్‌ఆబ్జెక్ట్ పంపితే అది ఎవరికీ చెప్పదు. ఆ పుస్తకాన్ని అర్రే కంట్రోలర్‌కే ఇవ్వండి, లేదా మ్యూటబుల్‌అర్రేవాల్యూఫర్‌కీ ఇచ్చే ప్రాక్సీలో (మార్పును కబురు చేసే ప్రతినిధి అర్రే) చేర్చండి.

చేతిరాత: సరిగ్గా ఇదే నా గొడవ. ఈ సంగతి కోడ్ చదివితే తెలియదు. ఒకసారి ప్రాపర్టీ పేరు మార్చాను, కంపైలర్ కిమ్మనలేదు. రన్ చేస్తే "ఈ కీకి ఈ క్లాస్ కేవీసీ కంప్లయంట్ కాదు" అని ఎక్సెప్షన్. పాత పేరు నిబ్‌లో (ఇంటర్‌ఫేస్ బిల్డర్ ఫైల్) ఏ మూల దాక్కుందో వెతకడానికి సాయంత్రమంతా పట్టింది.

ఇంకోటి. పేజీల సంఖ్య ఫీల్డ్‌ని ఇంటీజర్‌కి బైండ్ చేశాం. యూజర్ ఆ అంకె చెరిపేసి ట్యాబ్ కొట్టాడు. నిల్ (విలువ లేదని అర్థం) వచ్చింది, అది ఇంటీజర్‌లో పట్టదు, మళ్లీ ఎక్సెప్షన్. నిల్ వస్తే ఏం చేయాలో చెప్పే సెట్‌నిల్‌వాల్యూఫర్‌కీ రాయాలని ముందే ఎవరికి తోస్తుంది? ఐఫోన్‌కి ఆపిల్ ఈ బైండింగ్స్‌ని తేనేలేదు, గమనించారా?

పాతకాపు: ఆ నిల్ దెబ్బ నేనూ తిన్నాను, ఒప్పుకుంటాను. కానీ చేత్తో రాసిన టేబుల్‌లో టైటిల్ ప్రకారం సార్ట్ చేసి మూడో వరుస డిలీట్ చేయండి. చాలాసార్లు మోడల్‌లో మూడోది ఎగిరిపోతుంది, అంటే ఇంకేదో పుస్తకం! కంట్రోలర్ ఆబ్జెక్ట్ ఉన్నదే అందుకు. అసలు సరుకు కంటెంట్‌లో, తెరమీది వరుస అరేంజ్‌డ్‌ఆబ్జెక్ట్స్‌లో, ఎంచుకున్నది సెలెక్షన్‌లో. పక్కనున్న ఫారాన్ని సెలెక్షన్‌కి బైండ్ చేస్తే, ఎంచుకున్న పుస్తకం మారినప్పుడల్లా అదీ మారుతుంది. ఈ మూడూ మీరు రాసుకుంటే చివరికి తయారయ్యేది ఇంకో అర్రే కంట్రోలర్, కాకపోతే ఎక్కువ బగ్స్‌తో.

కిటికీవాసి: విండోస్ యాప్‌లు రాసే డబ్ల్యూపీఎఫ్‌లోనూ ఇదే కథ. మామూలు లిస్ట్‌కి బైండ్ చేసి అందులో చేరిస్తే తెర కదలదు, మార్పును కబురు చేసే అబ్జర్వబుల్‌కలెక్షన్ కావాలి. బైండింగ్‌లో పాత్ (ప్రాపర్టీ పేరు) తప్పు రాస్తే మీకు ఎక్సెప్షనైనా వస్తుంది. మాకు ఖాళీ డబ్బా, అవుట్‌పుట్ విండోలో ఒక లైను, అంతే.

చేతిరాత: సార్టింగ్, సెలెక్షన్ వరకు కంట్రోలర్‌కి వదిలేస్తాను, సరే. ప్రిఫరెన్సెస్ విండోకీ ఓకే. యూజర్ టైప్ చేసే ఫారం మాత్రం నా చేతిలోనే ఉండాలి. టైప్ చేసినదాన్ని మోడల్‌లోకి పంపే కమిట్ఎడిటింగ్ పిలవడం మరిచిపోయి సేవ్ చేస్తే, ఇంకా ఫీల్డ్‌లోనే ఉన్న చివరి మార్పు పోతుంది. దానికి తిట్లు తిన్నది నేను.

కొత్తమ్యాక్: కంట్రోలర్‌కి ఇచ్చాను, వరుస వచ్చేసింది! ఆ ఊపులో పేజీల డబ్బా ఖాళీ చేసి చూశాను, ఎక్సెప్షన్ కూడా వచ్చింది. సెట్‌నిల్‌లో సున్నా పెట్టేయనా?

చేతిరాత: వద్దు. పేజీలు తెలియని పుస్తకం వేరు, సున్నా పేజీల పుస్తకం వేరు. ప్రాపర్టీని ఎన్ఎస్‌నంబర్ (నిల్ కూడా పట్టే అంకె ఆబ్జెక్ట్) చేసి నిల్‌ని నిల్‌గానే ఉండనివ్వండి.

పాతకాపు: ఇందులో మాత్రం ఆయనదే రైటు.