గాగ్ గ్రూపర్: కనీస సైజు ఉన్నా మగచేపలు ఎందుకు నిలవవు?

సాగరిక_ఫిషరీస్:
గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఉండే, పెరిగాక ఆడ నుంచి మగకు మారే గాగ్ అనే సముద్రపు చేపల మీద సెమినార్ ఉంది. 1970ల్లో సుమారు 17 శాతం ఉన్న మగచేపలు 1990లకల్లా 2 శాతం దగ్గరికి పడిపోయాయి. పట్టడానికి కనీస సైజు పెట్టి, అంతకన్నా చిన్నవాటిని వదిలేయమంటే మగవీ బతకాలి కదా? ఇంకొకటి, మైక్రోస్కోపు స్లైడులో లింగం మారుతున్న చేపను ఎలా గుర్తుపట్టాలి?

గాలం_లోతు:
గాగ్ మొదట ఆడ. పొడవు ఒక మీటరు దరిదాపుల్లోకి వచ్చాకే కొన్ని మగవవుతాయి. 24 అంగుళాల నియమం, అంటే 61 సెంటీమీటర్లు, చిన్న ఆడచేపలను మాత్రమే కాపాడుతుంది. అది దాటినప్పటి నుంచి మగ అయ్యేదాకా ఏళ్ల తరబడి చేప గాలానికి దొరుకుతూనే ఉంటుంది.

అసలు చిక్కు చోటుది. ఫిబ్రవరి, మార్చిల్లో ఆడవి 50–100 మీటర్ల లోతు గట్ల దగ్గర గుంపుకట్టి గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. మగవి ఏడాది పొడుగునా అక్కడే. కాబట్టి మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పెట్టే వేట నిషేధం లాంటిది ఒక్కటే వీటికి చాలదు, మిగతా పది నెలలూ మగవి పోతూనే ఉంటాయి. అందుకే 2000లో మాడిసన్-స్వాన్సన్, స్టీమ్‌బోట్ లంప్స్ అనే రెండు చోట్లను గల్ఫ్‌లో వేటకు మూసేశారు. ఇలాగే ఆడ నుంచి మగకు మారే ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ చేప కోరల్ ట్రౌట్‌కు వేరే పద్ధతి: కనీస సైజు 38 సెంటీమీటర్లు, దానికి తోడు అక్టోబర్, నవంబర్ అమావాస్యల చుట్టూ ఐదేసి రోజుల నిషేధం.

సాగరిక_ఫిషరీస్:
మరి గరిష్ఠ సైజు పెట్టి, పెద్దవాటిని వదిలేయమంటే?

గాలం_లోతు:
కాగితం మీద బాగుంటుంది. 80 మీటర్ల నుంచి లాగితే గాలితిత్తి ఉబ్బి, పొట్ట నోట్లోంచి బయటికొస్తుంది, కళ్లు పొడుచుకొస్తాయి. అలాంటిది నీళ్లపై తేలి చస్తుంది. బరువు కట్టి లోతుకు దించి వదిలితే కొన్ని బతుకుతాయి గానీ, ఆ లోతులో అసలు గాలం వేయకపోవడమే నయం.

స్లైడు_బల్ల:
స్లైడు అడిగారు కదా, అది హిస్టాలజీ (కణజాలాన్ని పల్చగా కోసి మైక్రోస్కోపులో చూడటం) సంగతి. ఫ్రీజర్ చేప పనికిరాదు, మంచు పలుకులు కణాలను చీల్చేస్తాయి. తాజా బీజకోశం (అండాశయం లేదా వృషణం) నడిమి ముక్కను సెంటీమీటరు మందం మించకుండా కోసి, ముక్కకు పది రెట్ల పరిమాణంలో 10 శాతం బఫర్డ్ ఫార్మాలిన్ (కుళ్లకుండా ఉంచే ద్రావణం) తీసుకుని అందులో వేయండి. మందంగా కోస్తే లోపలిది కుళ్లుతుంది. తర్వాత 5–6 మైక్రాన్ల సెక్షన్లు, హెమటాక్సిలిన్-ఇయోసిన్ రంగు.

మారుతున్న చేప అనాలంటే రెండూ కలిసి కనబడాలి: పచ్చసొన పట్టిన అండకణాలు క్షీణిస్తూ ఉండాలి, పక్కనే శుక్రకణాల గూళ్లు పెరుగుతూ ఉండాలి. చాలామంది జారేది ఇక్కడే: వృషణం మధ్యలో అండాశయం నాటి ఖాళీ కుహరం కనబడగానే "ఒకప్పుడు గుడ్లు పెట్టింది" అని రాసేస్తారు. కోరల్ ట్రౌట్‌లో కొన్ని ఒక్కసారీ గుడ్లు పెట్టకుండానే మగవవుతాయి, వాటికీ ఆ కుహరం ఉంటుంది. చిన్న అండకణాలు రెండు మూడు మిగిలి ఉన్నా అంతే, అవి రుజువు కావు.