సంతకంలో టెస్షూ అని లేదు, నేను కొన్నది దొంగ పటమా?

ప్రశ్న: అందరికీ నమస్తే. ఉద్యోగం టోక్యోలో. మొన్న పాత సామాన్ల సంతలో ఒక కకెజికు (గోడకు వేలాడదీసే చుట్ట పటం) 3,000 యెన్‌లకు కొన్నాను. ఖడ్గవీరుడు యమఓకా టెస్షూ స్వయంగా కుంచెతో రాసిందని అమ్మినాయన చెప్పాడు. తీరా మా కొలీగ్ చదివితే సంతకం ‘యమఓకా టెట్సుటారో’ అని ఉంది! మోసపోయానా? పటం బాగా ముడతలు పడింది, ఇస్త్రీ చేయొచ్చా?

జవాబు: ముందు ఆ ఇస్త్రీ పెట్టె తీసి అవతల పెట్టండి బాబూ. పేరు గురించి టెన్షన్ వద్దు. టెట్సుటారో ఆయన వాడుక పేరు, టెస్షూ అనేది మన కలం పేరు లాంటిది. ‘షోషీఇ’ అనే రాజాస్థాన హోదా ముందు తగిలించి టెట్సుటారో అని సంతకం చేసిన పటాలు చాలానే ఉన్నాయి. కాకపోతే ఈ సంగతి నకిలీలు చేసేవాళ్లకీ తెలుసు.

ఆయన (1836–1888) అడిగినవాళ్లందరికీ రాసిచ్చేవాడు, గుళ్ల కోసం విరాళాలు పోగుచేయడానికీ రాసేవాడు. అందుకే సంతలో దొరకడం మరీ వింతేమీ కాదు. నకిలీలూ అంతకంత ఉన్నాయి.

పగటి వెలుగులో భూతద్దం పెట్టి చూడండి. చేత్తో రాసిందైతే సిరా కాగితం పీచులోకి ఇంకి ఉంటుంది, గీత మీద గీత పడ్డచోట నలుపు చిక్కబడుతుంది, కుంచె ఆరిపోయినచోట తెల్లటి చారలు తేలతాయి. వరుసగా సన్నటి చుక్కలు కనిపిస్తే ప్రింటే. చుక్కల్లేకుండా అచ్చువేసే పాత పద్ధతులూ ఉన్నాయి కాబట్టి, చుక్కలు లేవని సంబరపడకండి.

మీ టోక్యోలోనే యనకా అనే పేటలో ఆయన 1883లో స్థాపించిన జెన్‌షోఆన్ గుడి ఉంది, సమాధి కూడా అక్కడే. గింజాలో కిమురాయా బేకరీ బోర్డు మీది అక్షరాలు ఆయనవే. అన్‌పాన్ బన్ను తింటూ ఆ గీతల బరువు చూసి రండి, కంటికి కొంత అలవాటవుతుంది.

మరొకరు: ఇస్త్రీ ఎందుకు వద్దంటే, వేడికీ ఆవిరికీ వెనక అంటించిన పాత జిగురు ఊడుతుంది, ఎర్ర ముద్ర చెదరొచ్చు. లామినేషన్ అసలే వద్దు. హ్యోగుషి అని పటాలు కట్టే పనివాళ్లు ఉంటారు, వాళ్లకివ్వండి. ఏడాది పొడుగునా గోడకు వదిలేయకుండా కొన్నాళ్లు వేలాడదీసి, పొడి రోజున వదులుగా చుట్టి పెట్టెలో పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు: చూశానండీ. అక్షరాల్లోనూ ముద్రలోనూ అన్నీ చుక్కలే. 😞

జవాబు: అయితే ప్రింటే. 3,000కి గోడకు అందంగానే ఉంటుంది లెండి. ఇస్త్రీ మాత్రం ఇప్పుడూ వద్దు!