స్వాతి ఒకటో పాదం: ‘రు’తో జపనీస్ పేరు, అర్థం ఎట్ట సరిచూసుకోవాలి?

ఒంగోలు మేనత్త:
మా తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. స్వాతి ఒకటో పాదం, ‘రూ’ అక్షరం. 21వ రోజు బారసాల. జపనీస్ పేరు పెడదామని మరదలు ముచ్చటపడుతోంది. రురి, రుమి, రుయి అని మూడు రాసుకున్నాం. నెట్‌లో అర్థాలు చూస్తే ఒకదానికొకటి పొంతన లేదు. యుకి అనే పేరుకే ఒకచోట మంచు, ఇంకోచోట అదృష్టం, మరోచోట ధైర్యం అని ఉంది. ఏది నమ్మాలి?

జపనీస్ పాఠాలు, నెల్లూరు:
మూడూ నిజమేనండీ. జపనీస్ పేరు అర్థం శబ్దంలో ఉండదు, రాసిన కంజిలో, అంటే చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని చెప్పే అక్షరంలో ఉంటుంది. యుకి అని పలికే కంజి ఒకటి మంచు, ఇంకొకటి అదృష్టం. ధైర్యం మాత్రం ‘యూకి’, దీర్ఘం. ఇంగ్లీషులో రెంటికీ ఒకే స్పెల్లింగు రాస్తారు గనక కలిసిపోయాయి. మన లిపిలో హ్రస్వం, దీర్ఘం విడివిడిగా ఉన్నాయి కాబట్టి జపనీస్ పేర్లను ముందు తెలుగులో రాసుకుని చూడటమే మేలు. కంజి చూపించకుండా ఉత్త అర్థం ఇచ్చే సైటును పక్కన పెట్టేయండి. జపాన్‌లో పిల్లల పేర్లకు వాడదగ్గ కంజిలు కూడా లెక్క ప్రకారమే: వాడుక కంజిలు 2,136, పేర్లకని ప్రత్యేకంగా అనుమతించినవి 863.

మీ మూడింట్లో నా ఓటు రురికే. అది మన వైడూర్యమే! సంస్కృత పదం బౌద్ధ గ్రంథాలతో చైనాకు వెళ్లి, ముందు భాగం రాలిపోయి, జపాన్‌లో ‘రురి’గా నిలిచింది. అక్కడి భైషజ్య (వైద్య) బుద్ధుడి పేరులోనూ ఈ మాట ఉంది. ఒక్క తేడా: మన నవరత్నాల్లో వైడూర్యం అంటే పిల్లికన్ను రాయి. వాళ్ల రురి ముదురు నీలం రాయి. ఆ నీలాన్ని కూడా రురి రంగనే అంటారు.

రుమిలో ‘మి’కి అందం అనే కంజి ఎక్కువగా వాడతారు. ‘రు’కి రురిలోని అక్షరమే వేస్తే అర్థం బాగా కుదురుతుంది. రుయి మగపిల్లలకీ పెడతారు. పైగా కన్నీరు అనే కంజికి కూడా ఆ ఉచ్చారణ ఉంది. కంజి ఖాయం చేసుకోకుండా ఆ పేరు జోలికి పోవద్దు.

నాగోయాలో నెల్లూరోడు:
అర్థం ఒక్కటే చూస్తే చాలదక్కా, మన చెవికి ఎట్ట వినబడుతుందో కూడా చూడాలి. సొర అంటే జపాన్‌లో ఆకాశం, సొరపుట్టు చేసుకునే మన తీరంలో చేప. హినా అక్కడ ఎండ, పచ్చదనం కలిసిన ముచ్చటైన పేరు, ఇక్కడ ‘హీన’ అవుతుంది. ఎమి అని పిలిస్తే ‘ఏమి?’ అన్నట్టుంటుంది. అయా అంటే రంగులు, మనకి ఆయా. రురికి అట్టాంటి ఇబ్బంది లేదు.

చివర ‘కో’ తగిలించి రురికో అనొద్దు. ‘కో’ అంటే పిల్ల అనే. అమ్మమ్మల కాలంలో చాలా ఎక్కువ, ఇప్పుడు తగ్గిపోయింది.

పుట్టింది జపాన్‌లో అయితే వేరే సంగతి. 14 రోజుల్లో అక్కడి వార్డు ఆఫీసులో నమోదు చేయించాలి. మన పిల్లల పేరు కటకానాలోనే, అంటే ఉచ్చారణను మాత్రమే రాసే వాళ్ల లిపిలోనే ఎక్కుతుంది, కంజిలో రాయనివ్వరు.

ఒంగోలు మేనత్త:
పాప పుట్టింది ఇక్కడేనండీ. రురికే అందరం ఒప్పుకున్నాం. వచ్చిన అక్షరం ‘రూ’ కదా, రూరి అని పెట్టాలా?

జపనీస్ పాఠాలు, నెల్లూరు:
వద్దండీ. నామనక్షత్రానికి హ్రస్వదీర్ఘాల భేదం సాధారణంగా పట్టించుకోరు, మీ పంతులుగారిని ఒక మాట అడగండి. రూరి అంటే వైడూర్యం అర్థం పోతుంది. రెండక్షరాలూ పొట్టిగా, సమానంగా పలకాలి. ఇంగ్లీషులో ఆర్, యు, ఆర్, ఐ. యు బదులు రెండు ‘ఓ’లు పెడితే బళ్లో రూరి అనే పిలుస్తారు.

పుట్టిన 21 రోజుల్లో ఆస్పత్రి నుంచి నమోదు వెళ్లిపోతుంది. పేరు తర్వాత చేర్చుకోవచ్చు, 12 నెలల లోపైతే ఫీజు ఉండదు. సర్టిఫికెట్ చేతికిచ్చినప్పుడు కౌంటరు దగ్గరే స్పెల్లింగు చూసుకోండి, పాస్‌పోర్టుకు అదే ఆధారం. బారసాలనాడు పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాసేటప్పుడు ‘రు’కి కొమ్ము చాలు, దీర్ఘం లాగొద్దు.