రెండో ప్రపంచ యుద్ధం మృతుల లెక్కలో మా ముత్తాత ఉన్నట్టా, లేనట్టా?

రంగం మునిమనవడు:
మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డు ఊరు. మా ముత్తాత రంగంలో బియ్యం మిల్లు కూలీ. (బర్మాలోని రంగూన్‌ను మా పెద్దలు రంగమనే అనేవారు, నా నోటికీ అదే వస్తుంది.) 1941 డిసెంబరు 23న అక్కడ బాంబులు పడ్డాయి. ఓడలో చోటు దొరకక, మా వైపు వాళ్ళు పదిమందితో కలిసి కాలినడకన బయలుదేరాడట. ఇల్లు చేరింది నలుగురు. బర్మా, మణిపూర్ సరిహద్దులోని తమూ దగ్గర ఆయనకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయని, చెట్టు కింద కూర్చోబెట్టి నీళ్ళకు వెళ్ళామని చెప్పారు. తరవాతి సంగతి ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. తిథి తెలియదు కాబట్టి మహాలయ అమావాస్య నాడే ఆయన పేరు తలుచుకుంటాం.

నిన్న మా అమ్మాయి ఆ యుద్ధంలో ఆరు కోట్ల మంది పోయారని పుస్తకంలో చదివింది. ఫోనులో చూస్తే ఎనిమిది కోట్లని ఉంది. "తాత ఆ ఆరు కోట్లలో ఉన్నాడా, మిగతా రెండు కోట్లలోనా నాన్నా?" అంది. ఏం చెప్పను?

పాత దస్త్రాలు:
గడుసు ప్రశ్న. ఆ సంఖ్య పేర్లు కూడితే వచ్చింది కాదండీ. సైనికుడికి నంబరు, జీతాల పట్టీ ఉంటాయి. అందుకే అవిభక్త భారత సైన్యంలో పోయినవారు సుమారు 87,000 అని చెప్పగలుగుతున్నారు. కూలీకి ఏముంది? జనాభా లెక్కల తేడా చూసి అంచనా కట్టాలి. బర్మా విషయంలో అదీ కుదరదు. 1931 లెక్కల్లో అక్కడ భారతీయులు పది లక్షల పైచిలుకు. 1941 జనగణన కాగితాలు చాలావరకు యుద్ధంలోనే నాశనమయ్యాయి. దారిలో పోయినవారు పది వేలని ఒకరు, యాభై వేలని ఒకరు, ఇంకా ఎక్కువని మరొకరు రాశారు.

పెద్ద దేశాల సంగతీ అంతే. సోవియట్ మృతులు 70 లక్షలని 1946లో స్టాలిన్ చెప్పాడు. క్రుశ్చేవ్ కాలానికి రెండు కోట్లయ్యారు. 1990లో రెండు కోట్ల 66 లక్షలన్నారు. పోయినవాళ్ళు వాళ్ళే, ఒప్పుకోవడానికి నలభై నాలుగేళ్ళు పట్టింది. ఇక 1943 బెంగాల్ కరువును కలిపితే ఒక లెక్క, వదిలేస్తే మరొకటి.

తర్కం:
కరువును యుద్ధం ఖాతాలో వేయడం నాకు నచ్చదు. అలా అయితే దేన్నయినా కలపొచ్చు.

పాత దస్త్రాలు:
బర్మా బియ్యం ఆగిపోయింది, జపాన్ వాళ్ళకు దొరకకూడదని బెంగాల్‌లో పడవలను సర్కారే లాక్కుంది. ఇవి యుద్ధం చేసినవి కావా? అప్పటి విచారణ సంఘం చనిపోయినవారు 15 లక్షలంది, తరవాతి పరిశోధకులు 30 లక్షల దాకా లెక్కగట్టారు.

దారినపోయేవాడు:
నేను థాయిలాండ్‌లోని కాంచనబురి వెళ్ళాను. జపాన్ సైన్యం యుద్ధ ఖైదీల చేత, ఆసియా కూలీల చేత 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించిన చోటు. అక్కడి శ్మశానంలో సుమారు 7,000 సమాధులు, దాదాపు ప్రతిదానికీ పేరు, పక్కన పూలమొక్క. గడ్డి కూడా దువ్వినట్టు ఉంది. ఆ మార్గంలో ఖైదీలు 12,000 మందికి పైగా పోయారు. కూలీలు 90,000 దాకా ఉంటారని అంచనా. మలయా (ఇప్పటి మలేషియా) తోటల నుంచి తెచ్చిన తమిళులు, తెలుగువాళ్ళు కూడా వారిలో ఉన్నారు. మనవాళ్ళ పేరు ఒక్కటైనా కనబడుతుందేమోనని ఎండలో గంటసేపు వరసలన్నీ తిరిగాను. లేదు.

రంగం మునిమనవడు:
అన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. "అంటే తాతను ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట" అంది. అంచనాలో కలిపి ఉంటారులే అన్నాను గాని, నాకే నమ్మకం కుదరలేదు. తిరిగొచ్చిన ఆ నలుగురిలో ఒకాయన కొడుకు పక్క ఊళ్ళో ఉన్నాడు, ఎనభై దాటాయి. ఆదివారం వెళ్ళి, నీళ్ళకు వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఆ చెట్టు దగ్గరికి వచ్చారో లేదో అడుగుతాను.