ఈమ్యాక్స్‌లో పేజీ సగమే వస్తోంది

బ్రాడీపేట_కుర్రాడు: అన్నా, ఈమ్యాక్స్ టెక్స్ట్ ఎడిటర్లో ఉండే ఈడబ్ల్యూడబ్ల్యూ బ్రౌజర్లో మిర్చి రేట్ల పేజీ పెడితే హెడ్డింగ్ తప్ప ఏం రావట్లా, టేబుల్ మొత్తం ఖాళీ. ఏదన్నా సెట్టింగ్ ఉందా?

బెజవాడ_బాబాయ్: లేదబ్బాయ్, అది అసలు జావాస్క్రిప్టే (పేజీతో పాటు సైటు పంపే ప్రోగ్రాం) రన్ చెయ్యదు, ఆ టేబుల్ని స్క్రిప్టే నింపాలి కాబట్టి ఖాళీ. & నొక్కు, బయట బ్రౌజర్లో ఓపెనవుద్ది.

కారం_డబ్బా: జావాస్క్రిప్ట్ రన్ చెయ్యకపోవడమే నయం. ఈమ్యాక్స్‌లో చాలా కమాండ్లకి కంట్రోల్-హెచ్ ఎఫ్ కొట్టి, కమాండ్ పేరిచ్చి, వచ్చిన ఫైల్ పేరు మీద ఎంటర్ ఇస్తే లిస్ప్ భాషలో రాసిన సోర్స్ కోడ్ కనపడుద్ది, నచ్చకపోతే అక్కడికక్కడే మార్చేసుకోవచ్చు, అదే సైటువాడి స్క్రిప్టయితే మొత్తం ఒక్క లైన్లో కుక్కి పంపిస్తాడు, నడిచేది మాత్రం మన మెషిన్లో! ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలెట్టిన స్టాల్‌మన్ 2009లోనే దీన్ని ఉచ్చు అన్నాడు. ఫైర్‌ఫాక్స్‌కి లిబ్రేజేఎస్ అనే యాడాన్ వేసుకో, ఫ్రీ లైసెన్స్ (ఎవరైనా చదివి మార్చుకోవచ్చనే అనుమతి) లేని స్క్రిప్టుల్ని ఆపుద్ది.

బ్రాడీపేట_కుర్రాడు: & పనిచేసింది బాబాయ్. కారం అన్నా, అది వేస్తే మళ్ళీ టేబుల్ ఖాళీయేగా?

కారం_డబ్బా: చాలాసార్లు అంతే 😄