సమస్య: జంట విడిన రెండు జంటలయ్యె

నిర్వాహకుడు: ఇది ఆటవెలది నాలుగో పాదం. విడిపోతే ఉన్న జంటే పోవాలి, రెండెలా అవుతాయి? డీఎన్‌ఏ (జీవకణాల్లో వంశలక్షణాలను మోసే, రెండు పోగులు మెలితిరిగిన తాడులాంటి అణువు) తన నకలు తీసుకునే విషయంగా పూరించండి.

ల్యాబ్‌మిత్ర:
తాడు మెలిక వీడి తంత్రులు వేరైన
పోగు పోగు పక్క పుట్టె తోడు
పాత పోగు నంటి పసిపోగు ముడివడ
జంట విడిన రెండు జంటలయ్యె

నిర్వాహకుడు: "పసిపోగు" మనసుకు హత్తుకుంది. తంత్రి, పోగు రెండూ ఒకటేనని కొత్తవాళ్లకు తెలిసేలా ఒకే మాట వాడితే బాగుండేది. మెలిక విప్పే హెలికేజ్ ఎంజైముకు చోటు దొరకలేదు, ఫర్వాలేదు.

పల్లెపద్యం:
పాత పోగు లచ్చు పడ కొత్త పోగులు
కూడె నొకటి నొకటి కోరి తాము
మరల పాతవియును మమతతో నేకమై
జంట విడిన రెండు జంటలయ్యె

నిర్వాహకుడు: గణాలు, యతి చక్కగా కుదిరాయి. భావం దగ్గరే చిక్కండీ. పాతవి రెండూ మళ్లీ కలుస్తాయన్నారు. ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా అలా జరగొచ్చనుకున్నారు. 1958లో మెసెల్‌సన్, స్టాల్ తేల్చేశారు. ఈ.కోలై బ్యాక్టీరియాను భార నత్రజనిలో (మామూలుదానికన్నా బరువైన రకం) చాలా తరాలు పెంచి, డీఎన్‌ఏ పోగులు బరువెక్కాక మామూలు నత్రజనిలోకి మార్చారు. ఒక తరం గడిచాక దాని డీఎన్‌ఏను సీజియం క్లోరైడ్ ద్రావణంలో వేసి సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పారు. అలా తిప్పితే డీఎన్‌ఏ తన బరువును బట్టి పైనో కిందో పట్టీగా నిలుస్తుంది. మీ పద్యమే నిజమైతే కింద బరువుది, పైన తేలికది, రెండు పట్టీలు కనిపించాలి. కనిపించింది ఒక్కటే, ఆ రెండు చోట్లకీ సరిగ్గా నడుమ! అంటే ప్రతి జంటలోనూ ఒకటి పాతది, ఒకటి కొత్తది.

బయాలజీ టీచర్:
ఏకు టీయె కాని యితరము చేరదు
జీకి సీయె తోడు జీవితాన
ఉన్న సగము చూచి యొరవడి దిద్దగా
జంట విడిన రెండు జంటలయ్యె

నిర్వాహకుడు: ఒరవడి! టెంప్లేట్‌కు ఇంత మంచి తెలుగు మాట నాకెప్పుడూ తట్టలేదు. (ఏ, టీ, జీ, సీ అంటే డీఎన్‌ఏ పోగుల్లో వరుసగా ఉండే నాలుగు రసాయన అక్షరాలు.)

ల్యాబ్‌మిత్ర: మాట బాగుంది మేడమ్, కానీ పలక మీద దిద్దితే వచ్చేది అదే అక్షరం. ఇక్కడ ఏ ఉన్నచోట ఎదురుగా టీ పడాలి కదా?

బయాలజీ టీచర్: నిజమే. అందుకే మొదటి రెండు పాదాల్లో ఆ నియమం ముందే చెప్పాను. ఏ–టీ మధ్య రెండు హైడ్రోజన్ బంధాలు, జీ–సీ మధ్య మూడు. అదీ చెప్పాలనుకున్నాను, పద్యంలో ఇమడలేదు.

పల్లెపద్యం: నడుమ పట్టీ సంగతి చదివాక నిద్రపట్టలేదండీ. సవరించాను:
పాత పోగు లచ్చు పడ కొత్త పోగులు
కూడె పాతవాటి కొంగు పట్టి
సగము పాత యగుచు సగము కొత్త యగుచు
జంట విడిన రెండు జంటలయ్యె