స్టీలు రూపాయికి అంచు కొరత: టంకశాల తప్పా, ఎవరైనా కోసిందా?

నాణెం: 2000 నాటి స్టీలు రూపాయి, 25 మి.మీ., సంవత్సరం కింద హైదరాబాద్ టంకశాల నక్షత్రం. మూడు సింహాల వైపు, ఇండియా అన్న ఇంగ్లిష్ పదం పక్కన అంచు నెలవంకలా లోపలికి పోయింది. కొరత పొడవు 8 మి.మీ., లోతు 1.3 మి.మీ.

ఇంకో రూపాయి అంచును ఆ వంపులో పెడితే సందు లేకుండా కూర్చుంటోంది. బరువు 4.78 గ్రాములు, ఉండాల్సింది 4.85. పోయిన లోహం లెక్కకు సరిగ్గా సరిపోతోంది గానీ, ఆకురాయితో అరగదీసినా అంతే తగ్గుతుంది కదా, కాబట్టి బరువును సాక్ష్యంగా తీసుకోవడం లేదు.

చిక్కల్లా ఇక్కడే. రేకు నుంచి అచ్చు పడని బిళ్ల కోసేటప్పుడే, ముందు కోసిన గుండ్రటి రంధ్రం మీదికి పంచ్ జరిగి కొరత పడితే, తర్వాత గట్టు (నాణెం చుట్టూ ఎత్తుగా ఉండే అంచు) ఎత్తే యంత్రంలో ఎదురు వైపు ఒత్తిడి అందదు. అక్కడ గట్టు పల్చబడాలి. ఇందులో భారత్ అన్న హిందీ పదం పక్కన గట్టు నిజంగానే పల్చగా ఉంది. కానీ కొరత ముందే ఉంటే అచ్చు పడేటప్పుడు పక్కనున్న అక్షరం పాదం ఖాళీ వైపు సాగాలి, ఇందులో సాగలేదు, కత్తితో కోసినట్టు తెగింది. పది రెట్ల భూతద్దంలో కొరత గోడ మీద నిలువు గీతలున్నాయి, అడ్డంగా ఆకురాయి గీతలు లేవు.

స్టీలు గట్టిది కనుక అక్షరం సాగకపోవడం మామూలేనా? పల్చటి గట్టు ఒట్టి అరుగుదల కావచ్చా? స్టీలు నాణేల్లో అసలైన కొరతలు చూసినవారు గోడ ఎలా ఉంటుందో చెప్పండి. రాగి-నికెల్ నాణేలతో పోలిక వద్దు, అవి మెత్తన.